‘లేదు’ ఖరీదెంత?

పళ్లబండి దగ్గర ఆగి ‘డజను ఎంత ఖరీదు?’ అంటాం. పెళ్లికి తీసిన పట్టుచీర గురించి ‘కాస్త ఖరీదైందే’ అని చెప్పుకుంటాం. ఈ ‘ఖరీదు’ ఫార్సీ నుంచి, అంటే ఇరాన్ వాళ్ల భాషనుంచి వచ్చిన మాట. అక్కడ మాత్రం దాని అర్థం ధర కాదు. ‘ఖరీద్’ అంటే కొనుగోలు. ఇంకా లోపలికి వెళితే అదొక క్రియ: ‘కొన్నాడు’ లేదా ‘కొన్నది’. వాళ్లు కొన్నారు, మనం ధర కట్టాం!

ఇలాంటి మాటలు తెలుగులో చాలానే ఉన్నాయి. గోల్కొండ సుల్తానుల కొలువులో ఫార్సీ చెలామణీ అయింది. 1880లలో దాని స్థానంలోకి ఉర్దూ వచ్చేదాకా నిజాం సర్కారు దస్త్రాలు ఫార్సీలోనే నడిచాయి. కచేరీలో పనిపడిన రైతుల నోట ఆ మాటలు ఊళ్లలోకీ వచ్చాయి. వాటిలో కొన్నింటిని విప్పి చూస్తే లోపల క్రియలు కనిపిస్తాయి. ‘దరఖాస్తు’లో ఉన్న ‘ఖాస్త్’ అంటే ‘కోరాడు’. ‘బందోబస్తు’ చివర ఉన్న ‘బస్త్’ అంటే ‘కట్టాడు’. ‘గిరఫ్తారు’లోని ‘గిరఫ్త్’ అంటే ‘పట్టుకున్నాడు’. అన్నీ జరిగిపోయిన పనులే. అంటే మనకు తెలియకుండానే ఫార్సీ భూతకాలం కొంత మన ఇంట్లో ఉందన్నమాట.

ఆ చనువుతో ఈ వారం ఓ చిన్న ప్రశ్న. గతంలో ఒక పని ‘జరుగుతూ ఉంది’ అని కాకుండా ‘జరగడం లేదు’ అని చెప్పాలంటే ఫార్సీలో ఎలా? పరీక్షలో అడిగే వ్యాకరణం ప్రశ్నలా ఉంది కదూ! కానీ దాని జవాబు వెతుక్కుంటూ వెళితే, మన తెలుగులో ‘లేదు’ అన్నప్పుడు మనం ఏం పోగొట్టుకుంటున్నామో కూడా తెలుస్తుంది. 

ముందు ‘మీ’... దాని ముందు ‘నె’

‘ఖరీద్’ తోనే మొదలుపెడదాం. దాని చివర ‘అమ్’ చేరిస్తే ‘ఖరీదమ్’: నేను కొన్నాను. ‘ఖరీదీ’ అంటే నువ్వు కొన్నావు. అతనైనా ఆమె అయినా ‘ఖరీద్’, చివర ఏమీ చేరదు. ‘ఖరీదీమ్’ అంటే మేము కొన్నాం. ‘ఖరీదీద్’ అంటే మీరు కొన్నారు. మనలాగే వాళ్లూ పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక్కరినైనా ‘మీరు’ అనే అంటారు. ‘ఖరీదంద్’ అంటే వాళ్లు కొన్నారు. ఆరు రూపాలు, అంతే.

ఇప్పుడు పని ఒక్కసారిగా ముగిసిపోలేదు, సాగుతూ ఉంది లేదా పదేపదే జరిగేది అని చెప్పాలి. ముందు ‘మీ’ పెడితే చాలు. ‘మీఖరీదమ్’ అంటే కొంటూ ఉన్నాను, లేదా కొనేవాణ్ణి. ఈ ‘మీ’కి మన ‘మీరు, మీ’లతో ఏ చుట్టరికమూ లేదు. ఇది ఒకప్పటి ‘హమే’. ఎల్లప్పుడూ, ఎడతెగకుండా అని దాని అర్థం. హైదరాబాదులో వినిపించే ‘హమేషా’కు దగ్గరి బంధువు. వాడగా వాడగా అరిగి ‘మే’ అయింది, ఇరాన్‌లో ఇప్పుడు ‘మీ’గా మిగిలింది.

ఇక కాదనడం. ఫార్సీలో క్రియను కాదనడానికి ‘న’ ఉంది. సంస్కృతంలోని ‘న’, ఇదీ ఒకే వంశం. మనం వాడే ‘నామర్దా’, ‘నాదారు’ మాటల మొదట్లో ఉన్న ‘నా’ కూడా ఆ కుటుంబానిదే. ‘ఖరీదమ్’ ముందు ‘న’ చేరిస్తే ‘నఖరీదమ్’: కొనలేదు. అదే ‘మీఖరీదమ్’ ముందు చేరిస్తే ‘నమీఖరీదమ్’ కావాలి కదా! ఇరాన్ వాళ్ల నోట అది ‘నెమీఖరీదమ్’ అవుతుంది. పక్కనే ‘ఈ’ రాబోతోందని నోరు ముందే సిద్ధమై, ‘న’ని ‘నె’ చేసేస్తుంది. ఇది మనకు వింతేమీ కాదు. ‘కత్తి’కి ‘లు’ చేరిస్తే ‘కత్తిలు’ అనం, ‘కత్తులు’ అంటాం. వెనక వచ్చే ‘ఉ’ ముందున్న ‘ఇ’ని తనలాగా మార్చుకుంది. అక్కడా ఇలాంటి పనే జరిగింది.

పలికేటప్పుడు బలమంతా ‘నె’ మీద పడాలి. వినేవాడికి మొదటి అక్షరంతోనే ‘కాదు’ అని తెలిసిపోవాలి. మన ‘లేదు, కాదు’ వాక్యం చివర్లో వస్తాయి. వాళ్లది క్రియ మొదట్లోనే తేలిపోతుంది.

రెండు మాటలు కలిసిన క్రియలుంటాయి. ‘కార్ మీకర్దమ్’ అంటే పని చేసేవాణ్ణి. దీన్ని కాదనాలంటే ‘కార్’ను ముట్టుకోకూడదు. ‘కార్ నెమీకర్దమ్’ అనాలి. తెలుగులోనూ అంతే కదా, ‘పని’ అలాగే ఉంటుంది, ‘చేసే’ దగ్గరే మార్పు.

అన్నట్టు, కంప్యూటర్‌లో రాసేటప్పుడు ఈ ‘నెమీ’కి, అసలు క్రియకి మధ్య ఇరాన్ వాళ్లు ‘అర ఖాళీ’ ఉంచుతారు. రెండూ అతుక్కోకూడదు, అలాగని విడిపోయి రెండు మాటలు కాకూడదు. దీనికోసం కంటికి కనిపించని ఒక గుర్తు ఉంది. మనం ‘సాఫ్ట్‌వేర్’ అని టైప్ చేసేటప్పుడు ‘ట’ కింద ‘వ’ వత్తు పడకుండా ఆపేదీ సరిగ్గా ఆ గుర్తే!

తహసీల్దారులో ఉన్న ‘దారు’

ఇంతవరకు సులువే. అసలు మెలిక ఇక్కడుంది. 

‘మీఖరీదమ్’ అంటే రెండు అర్థాలున్నాయని చెప్పుకున్నాం: ‘అప్పట్లో కొనేవాణ్ణి’ అనీ, ‘ఆ సమయంలో కొంటూ ఉన్నాను’ అనీ. రెండో అర్థం స్పష్టంగా తెలియాలంటే ఇరాన్ వాళ్లు మాటల్లో ఇంకో క్రియను తోడు తెచ్చుకుంటారు. అదే ‘దాష్తన్’, అంటే కలిగి ఉండటం. మన తహసీల్దారు, జమీందారు, పట్టాదారుల చివర ఉన్న ‘దారు’ ఈ క్రియలోంచి వచ్చిందే. పట్టా కలిగినవాడు పట్టాదారు. నాదారు అంటే ఏమీ లేనివాడు.

‘దాష్తమ్ మీఖరీదమ్’ అంటే ‘సరిగ్గా అప్పుడు కొంటూ ఉన్నాను’. రెండు క్రియలూ మనిషిని బట్టి మారతాయి: ‘దాష్తీ మీఖరీదీ’, నువ్వు కొంటూ ఉన్నావు. ‘దాష్తంద్ మీఖరీదంద్’, వాళ్లు కొంటూ ఉన్నారు. పాత కావ్యాల్లో ఈ వాడుక కనిపించదు. జనం నోళ్లలో పుట్టి తర్వాత రాతలోకి వచ్చింది.

మరి దీన్ని కాదనడం ఎలా? ‘నదాష్తమ్ మీఖరీదమ్’ అనొచ్చా? అనకూడదు. ‘దాష్తమ్ నెమీఖరీదమ్’? అదీ కుదరదు. ‘నదాష్తమ్’ అనగానే వినేవాడికి తోచే అర్థం ‘నా దగ్గర లేదు’ అని. ‘పూల్ నదాష్తమ్’ అంటే నా దగ్గర డబ్బు లేదు. కాబట్టి కాదనే సమయానికి ఆ తోడు క్రియ తప్పుకుంటుంది. మిగిలేది పాత ‘నెమీఖరీదమ్’ ఒక్కటే. ‘కొనేవాణ్ణి’, ‘కొంటూ ఉన్నాను’ అని రెండు దారులుగా ఉన్నది, కాదనేసరికి ఒకే దారి అయిపోయింది.

ఎందుకిలా? జరుగుతున్న పనికి మొదలుంటుంది, నడుమ ఉంటుంది, చివర ఉంటుంది. ‘సరిగ్గా నడుమ ఉన్నాను’ అని వేలుపెట్టి చూపించవచ్చు. జరగని పనికి నడుమ ఏముంటుంది! చూపించడానికేమీ లేనప్పుడు చూపుడువేలుతోనూ పని లేదు. భాష ఆ వేలును మడిచేసింది.

అలాగని ఫార్సీవాళ్లు ఆ సంగతి చెప్పలేరని కాదు. ‘ఆ సమయంలో’ అనో, ‘నువ్వొచ్చినప్పుడు’ అనో ఒక మాట చేర్చి ‘నెమీఖరీదమ్’ అంటారు. కాస్త గ్రాంథికంగా రాసేటప్పుడు ‘దర్ హాలే ఖరీద్ నబూదమ్’ అనే పద్ధతీ ఉంది. ‘కొంటున్న హాలులో లేను’, అంటే ఆ స్థితిలో లేను అని. ఇంట్లో, వీధిలో మాట్లాడుకునేటప్పుడు మాత్రం ‘నెమీ’తోనే పని కానిస్తారు.

మనం పోగొట్టుకునేది

ఇప్పుడు మన వైపు చూద్దాం. ‘నేను కొన్నాను, నువ్వు కొన్నావు, ఆమె కొన్నది, వాళ్లు కొన్నారు’. ఎవరు కొన్నారో క్రియ చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఇప్పుడు కాదని చెప్పండి: ‘నేను కొనలేదు, నువ్వు కొనలేదు, ఆమె కొనలేదు, వాళ్లు కొనలేదు’. అందరికీ ఒకే ‘కొనలేదు’! ఎవరన్నది క్రియలోంచి మాయమైంది. ఫార్సీలో అది మాయం కాదు. ‘నఖరీదమ్’ అంటే నేనే, ‘నఖరీదంద్’ అంటే వాళ్లే. 

అంటే ‘కాదు’ అనడానికి ఫార్సీ ‘సరిగ్గా అప్పుడే’ అన్న సంగతిని వదులుకుంది, తెలుగు ‘ఎవరు’ అన్న సంగతిని వదులుకుంది. చాలా భాషల్లో ఇలాంటి బేరమే కనిపిస్తుంది. అవునన్నప్పుడు ఉన్నన్ని తేడాలు కాదన్నప్పుడు ఉండవు. ఫిన్లాండ్ భాషా శాస్త్రవేత్త మట్టి మియెస్టామో ప్రపంచ భాషల్లోని వ్యతిరేక వాక్యాలను పరిశీలించి 2005లో ఒక పుస్తకమే రాశారు. అవును వాక్యానికి ‘కాదు’ తగిలించినంత మాత్రాన కాదు వాక్యం అయిపోదనీ, వాక్యం నిర్మాణమే మారిపోయే భాషలు చాలా ఉన్నాయనీ అందులో చూపించారు.

తెలుగు పోగొట్టుకున్నదే కాదు, నిలుపుకొన్నదీ ఉంది. ‘నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను కూరగాయలు కొనడం లేదు’ అంటే ఆ సమయం సంగతి. ‘ఆ రోజుల్లో నేను బయట కూరగాయలు కొనేవాణ్ణి కాదు’ అంటే అలవాటు సంగతి. మనకు ఈ రెండూ వేర్వేరు. ఫార్సీలో రెండూ ‘నెమీఖరీదమ్’లోనే ఇమిడిపోతాయి. పైగా అమ్మ చెబితే ‘కొనేదాన్ని కాదు’, నాన్న చెబితే ‘కొనేవాణ్ణి కాదు’. ఫార్సీలో ఇద్దరికీ ఒకటే మాట.

ఒక్క ‘నెమీ’, ఎన్ని మనసులో!

‘నఖరీదమ్’ చెప్పేది ఒక్కసారి సంగతి. కొట్టుకు వెళ్లాను, కొనలేదు, వచ్చేశాను. ‘నెమీఖరీదమ్’ వెనక కాలం సాగుతూ ఉంటుంది. అందుకే మనసు బరువెక్కిన మాటలు చాలావరకు ఈ ‘నెమీ’తోనే వస్తాయి.

రాత్రి ఎంతకీ నిద్ర పట్టలేదనుకోండి. ‘ఖాబమ్ నెమీబోర్ద్’ అంటారు. మాటకు మాట చెప్పాలంటే ‘నిద్ర నన్ను తీసుకుపోవడం లేదు’ అని. మనకు నిద్ర ‘పట్టదు’, వాళ్లను ‘తీసుకుపోదు’. ఏదో గుర్తు చేసుకోవాలని ఎంత తన్నుకున్నా రాకపోతే ‘యాదమ్ నెమీఆమద్’, నా జ్ఞాపకం రావడం లేదు. మనం ‘యాదికి రాలే’ అన్నట్టే ఉంది కదా! ఆదమరిచి పడుకున్న పిల్లవాణ్ణి లేపడానికి మనసు రాకపోతే ‘దెలమ్ నెమీఆమద్’ అంటారు. ‘దెల్’ అంటే మనసు, ‘ఆమద్’ అంటే వచ్చింది. అచ్చంగా మన ‘మనసు రాలేదు’!

ఇంకో పోలిక మరీ ముచ్చటైనది. ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అంటాం. ఇక్కడ ‘కొనేవాణ్ణి’ అలవాటు కాదు, జరగని పని. అలవాటుకూ, జరగకుండా పోయినదానికీ తెలుగు ఒకే రూపం వాడుతుంది. ఫార్సీదీ సరిగ్గా అదే దారి: ‘అగర్ పూల్ దాష్తమ్, మీఖరీదమ్’. కాదంటే ‘నెమీఖరీదమ్’, కొనేవాణ్ణి కాదు. ‘తెలిసుంటే వచ్చేవాణ్ణి కాదు’ అన్న పశ్చాత్తాపం కూడా అంతే: ‘అగర్ మీదానెస్తమ్, నెమీఆమదమ్’. ఎక్కడో ఉన్న ఆ భాషా మన భాషా ఒకే కుటుంబానివి కావు. అయినా ‘అలా జరిగి ఉంటే’ అని నిట్టూర్చేటప్పుడు రెండూ పాత అలవాటు రూపాన్నే పట్టుకున్నాయి.

ఒక క్రియ చుట్టూ ఒక సినిమా

ఇరాన్ దర్శకుడు అస్ఘర్ ఫర్హాదీ తీసిన ‘ఎ సెపరేషన్’ మీలో కొందరు చూసే ఉంటారు. 2011లో వచ్చింది. ఆ ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో గోల్డెన్ బేర్, 2012లో ఆస్కార్ గెలుచుకుంది. ఇరాన్‌కు అదే తొలి ఆస్కార్. 

కథ మామూలు ఇంటి కథే. నాదెర్ అనే బ్యాంకు ఉద్యోగి, మతిమరుపు జబ్బుతో ఉన్న తండ్రిని చూసుకోవడానికి రజియే అనే మనిషిని పెట్టుకుంటాడు. ఒకరోజు కోపంలో ఆమెను తలుపు బయటకు తోసేస్తాడు. ఆమెకు గర్భం పోతుంది. గొడవ న్యాయమూర్తి ముందుకు వెళుతుంది. అక్కడ తేలాల్సిన ప్రశ్న ఒకటే: తోసినప్పుడు ఆమె గర్భవతి అని అతనికి తెలుసా, తెలియదా? 

ఫార్సీలో ‘నాకు తెలుసు’ అన్నది గతంలో చెప్పాలంటే ‘మీదానెస్తమ్’. ‘నాకు తెలియదు’ అంటే ‘నెమీదానెస్తమ్’. తెలియడం ఒక్క క్షణంలో చేసి ముగించే పని కాదు, ఉండే స్థితి. అందుకే దానికి ‘మీ’ కావాలి, కాదంటే ‘నెమీ’ కావాలి. ‘దాష్తమ్’ తోడు మాత్రం దీనికి అవునన్నప్పుడు కూడా పొసగదు. నేరం ఉందా లేదా, జైలా ఇల్లా, కూతురు తండ్రిని నమ్మాలా వద్దా అన్నదంతా ఆ ఒక్క ‘నె’ ఉండటం, లేకపోవడం మీద ఆధారపడింది. చివరికి ఏమవుతుందో ఇక్కడ చెబితే చూడనివాళ్లు కోప్పడతారు. ఈసారి చూస్తే మాత్రం తెరమీద అక్షరాలు చదువుతూనే చెవి కూడా అటు పెట్టండి. మాటల్లో ‘దానెస్తమ్’ కాస్త మారి ‘దూనెస్తమ్’ అవుతుంది. ముందున్న ‘నె’ మీద బరువు మాత్రం మారదు.

ఇలాంటి చోట అనువాదం చేసేవాళ్ల బాధ్యత ఎంతో ఆలోచించండి. ‘ఆ ఇంటికి వెళ్లలేదు’ అని సాక్షి చెప్పడం వేరు, ‘ఆ ఇంటికి వెళ్లేవాణ్ణి కాదు’ అనడం వేరు. మొదటిది ఒక్కరోజు సంగతి, రెండోది ఏళ్ల సంగతి. ‘న’ని ‘నెమీ’గా విన్నా, ‘నెమీ’ని ‘న’గా రాసినా వాంగ్మూలమే మారిపోతుంది.

ఊరు మారితే యాస

ఈ భాష ఇరాన్‌లోనే కాదు, అఫ్గానిస్థాన్‌లో ‘దరీ’ అన్న పేరుతో, తజికిస్థాన్‌లో ‘తాజిక్’ అన్న పేరుతో వినిపిస్తుంది. అక్కడ ‘న’ ‘నె’గా మారలేదు. కాబూల్‌లో ‘నమేఖరీదమ్’ అంటారు. తజికిస్థాన్‌లో రష్యన్ లిపిలో రాసినా పలికేది ‘నమె’ అనే. ఈ ఉచ్చారణే పాతది. అందుకే పాత పద్ధతిలో ఫార్సీ చదువుకున్న మన హైదరాబాదీ పెద్దలు ఇరాన్ వాళ్ల ‘నెమీ’ వింటే ఇదేమిటని ఒక్క క్షణం ఆగుతారు. ఇంకా వెనక్కి, పాత కవుల దగ్గరికి వెళితే ‘మీ’ ముందు వచ్చి ‘న’ తర్వాత రావడమూ ఉంది. స్థలాలు మార్చుకున్నా ఆ ఇద్దరూ కలిసే ఉన్నారు.

ఇంటిల్లిపాదీ ఓ చేయి వేయండి

ఆదివారమే కదా, పిల్లలతో కలిసి నాలుగు వాక్యాలు కట్టి చూడండి. 

‘రఫ్తారు’ అంటే వేగమని సినిమా పేర్లలో విన్నాం. అందులోని ‘రఫ్త్’ అంటే వెళ్లాడు. మరి ‘వాళ్లు వెళ్లేవారు కాదు’ అనాలంటే? ‘నెమీరఫ్తంద్’. 

దరఖాస్తులోని ‘ఖాస్త్’ గుర్తుందిగా! ‘మేము కోరుకునేవాళ్లం కాదు’ అంటే? ‘నెమీఖాస్తీమ్’. 

‘దాష్తమ్ మీరఫ్తమ్’, సరిగ్గా అప్పుడు వెళ్తూ ఉన్నాను. దీన్ని కాదనండి. ‘నదాష్తమ్’ అని మొదలుపెట్టినవాళ్లకు సున్నా మార్కులు. తోడును పక్కకు పంపి ‘నెమీరఫ్తమ్’ అన్నవాళ్లకు పదికి పది.

చివరిది అన్నిటికంటే తేలిక. పండగ డిస్కౌంటు చూసి కొన్న మిక్సీ నెల తిరక్కుండానే మూలపడినప్పుడు, రెండు ఉతుకులకే చొక్కా రంగు వెలిసినప్పుడు ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట: ‘తెలిసుంటే కొనేవాణ్ణి కాదు!’ ఫార్సీలో అది ‘అగర్ మీదానెస్తమ్, నెమీఖరీదమ్’.